ఆఫీసుకి నాలుగు నేతి బిస్కెట్ల సారె

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమలాపురంలో ఒక ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరి ఏడాదిన్నర అయింది. రోజూ బస్సులో వెళ్ళొస్తాను. నేను కాక మా సెక్షన్‌లో అటెండరుతో కలిపి పద్నాలుగు మంది. దసరాకి, దీపావళికి వాళ్ళు స్వీట్లు పంచారు. పోయిన జనవరి ఒకటిన ఒక మేడమ్ అందరికీ స్టీలు డబ్బాలు ఇచ్చారు. నేను మాత్రం పోయిన క్రిస్మస్‌కి ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. ఈసారి ఇవ్వాలని ఉంది, కానీ ఐదు వందలు దాటి ఖర్చు పెట్టలేను. అన్నయ్య కొనిచ్చిన చిన్న ఓవెన్ ఉంది, ప్లమ్ కేకు చేసి పట్టుకెళ్దామనుకుంటున్నాను. "కొనలేక ఇంట్లో చేసుకొచ్చింది అనుకుంటారే" అని మా అమ్మ భయపడుతోంది. చేయమంటారా, మానమంటారా?

సమాధానం: నిక్షేపంలా చేయండమ్మా. ప్లమ్ కేకు మాత్రం వద్దు. ఎందుకు వద్దో చెప్తాను గానీ, ముందు మీ అమ్మగారి భయం సంగతి చూద్దాం.

ఇంట్లో చేసింది పంచితే చవకబారుగా ఉంటుందనుకోవడం మన గోదావరి జిల్లాలకి ఈమధ్య వచ్చిన జబ్బు. మనది సారె పంచే దేశం కదా. ఆడపిల్ల పుట్టింటి నుంచి అత్తారింటికి వెళ్తే వెనకాలే సారె వెళ్తుంది, ఆ సారె అక్కడ వీధి వీధంతా పంచుతారు. ఇంటికి రెండు లడ్డూలు, రెండు కాజాలు, ఒక అరిసె, ఒక పంచదార చిలక. అందుకున్నావిడ ఎవరైనా ఇదెంత పడిందని అడిగిందా? అడగదు. కానీ లెక్క పెడుతుంది. ఎదురింటికి రెండు మినపసున్నులు వెళ్ళి తన ఇంటికి ఒకటే వస్తే ఆ మాట మనవళ్ళ పెళ్ళిళ్ళ దాకా నిలుస్తుంది. మా అమ్మమ్మ సారె పంచడానికి కూర్చుంటే ముందు వీధిలో ఇళ్ళన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకునేది, ఆ తర్వాతే పళ్ళెం ముట్టుకునేది. మాటల్లేని ఇల్లు కూడా ఆ లెక్కలో ఉండేది. "మాటలు మానేశాం గానీ సారె మానేశామా" అనేది.

మీ సెక్షన్ని ఆ వీధి అనుకోండి. మీ అమ్మగారికి కూడా ఇదే మాట చెప్పండి, ఆవిడకి వెంటనే అర్థమవుతుంది. నలుగురిలో పేరు పోయేది ధర దగ్గర కాదు, లెక్క తప్పిన దగ్గర.

అందుకే ఒక మాట అడుగుతాను. అటెండరుతో కలిపి పద్నాలుగు అన్నారు. పొద్దున్నే వచ్చి ఊడ్చి వెళ్ళే ఆవిడ ఆ లెక్కలో ఉందా? టీ తెచ్చే కుర్రాడు? ఇద్దరూ లేరనే నా అనుమానం. ఉంటే మంచిదే, లేకపోతే పదహారు అనుకోండి.

ఇక కేకు. మీ వయసులో నేనూ ఒకసారి కేకు చేసి ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అప్పట్లో గుండ్రటి అల్యూమినియం కరెంటు ఓవెన్లు ఉండేవి, మూత మధ్యలో గాజు కన్ను. ఆ కన్నులోంచి పది నిమిషాలకోసారి చూసి చూసి, పొంగిందని మురిసిపోయి, మర్నాడు ముక్కలు కోసి తీసుకెళ్ళాను. డిసెంబరు నెల. మా సూపరింటెండెంటుగారు అయ్యప్ప మాలలో ఉన్నారు. నల్ల బట్టలు, మెడలో మాల, కాళ్ళకి చెప్పుల్లేవు. మాలలో ఉన్న మనిషిని అందరం "స్వామీ" అనే పిలుస్తాం కదా, నేనూ "స్వామీ, మా ఇంట్లో చేసిందండి" అంటూ తిన్నగా ఆయన చేతిలోనే పెట్టేశాను. ఆయన ఒక్క క్షణం ఆగారు. ఇంట్లో చేసిందన్నాను కాబట్టి కాదనలేక నోట్లో పెట్టుకున్నారు. సగం తిన్నాక పక్క సీటాయన తాపీగా అడిగాడు: "ఏమండీ, కేకులో గుడ్డు పడదా?"

సూపరింటెండెంటుగారు ఏమీ అనలేదు. మిగిలిన సగం కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి, కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు నోరు పుక్కిలించారు. వచ్చి ఫైలు తెరుచుకున్నారు. నన్ను తిట్టినా బాగుండేది. నోరారా స్వామీ అని పిలుస్తూ గుడ్డు తినిపించానన్నది ఇప్పటికీ గుర్తొస్తే ముఖం వేడెక్కుతుంది.

మీ క్రిస్మస్ పడేది సరిగ్గా ఆ రోజుల్లోనే. కార్తీకంలో మాల వేసుకున్నవాళ్ళకి నలభై ఒక్క రోజుల దీక్ష డిసెంబరు దాకా సాగుతుంది. మకరజ్యోతికి వెళ్ళేవాళ్ళైతే జనవరి మధ్య దాకా మాలలోనే ఉంటారు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది, ఆ నెలంతా గుడ్డు ముట్టని ఇళ్ళు మీ సెక్షన్లోనే రెండు మూడు ఉంటాయి. శనివారం తిననివాళ్ళు, గురువారం తిననివాళ్ళు సరేసరి. ఎవరెవరు తింటారో కనుక్కుని చేయడం మీ వల్ల కాదు, నా వల్లా కాలేదు. గుడ్డే లేకుండా చేస్తే ఈ గొడవ ఉండదు. పైగా కార్తీకం దాటాక గుడ్డు రేటు ఎలా ఎక్కుతుందో మీకు తెలుసు.

గుడ్డు లేని కేకు చేయొచ్చు కదా అంటారేమో. చేయొచ్చు, కానీ చెయ్యి తిరగకపోతే పిట్టులా అయినా వస్తుంది, అంబలిలా అయినా వస్తుంది. అందులోనూ ఆ వారం కేకులకి కరువేముంది? సెమీ క్రిస్మస్‌లో కేకు, ఎవరిదో పుట్టినరోజు కేకు, ముప్పై ఒకటిన ప్రతి బేకరీ ముందు షామియానా వేసి కేకులే. మీ కేకు నోట్లో పెట్టుకున్న ప్రతివాళ్ళూ దాన్ని బేకరీ కేకు పక్కన నిలబెట్టి చూస్తారు. ఎండు పండ్లు, జీడిపప్పు దండిగా వేసి పదహారు మందికి సరిపడా చేస్తే మీ ఐదు వందలు సరిపోవు కూడా. పూతరేకులో, కాజాలో కొని ఇద్దామన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. ఆత్రేయపురం, తాపేశ్వరం మనకి ఎంత దూరం? నెల తిరిగేసరికి ఎవరో ఒకరు తెస్తూనే ఉంటారు.

నేతి బిస్కెట్లు చేయండి. బేకరీలో నాన్‌ఖటాయి అని రాసి ఉంటుంది చూడండి, అవే. గుడ్డు అక్కర్లేదు, బస్సు ప్రయాణం తట్టుకుంటాయి, డబ్బాలో పది రోజులు ఉంటాయి. బేకరీవాళ్ళు చాలామంది డాల్డాతో చేస్తారు. అందుకే తిన్నాక అంగిలికి ఒక పూత అంటుకుని ఉండిపోతుంది. డాల్డా మన నోటి వేడికి పూర్తిగా కరగదు, నెయ్యి కరుగుతుంది. ఆ తేడా మొదటి ముక్కకే తెలిసిపోతుంది. బేకరీ పోలికలో మీరు నెగ్గేది ఇక్కడే. కాబట్టి ఎక్కడ పొదుపు చేసినా నెయ్యి దగ్గర చేయకండి. ఇంట్లో పాడి ఉంటే మరీ మంచిది.

ఒక వాయికి కొలత చెప్తాను. మైదా 200 గ్రాములు, శనగపిండి 50, బొంబాయి రవ్వ 25, నెయ్యి 150, మెత్తగా పొడి కొట్టిన పంచదార 130, అర చెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు, ఐదారు యాలకుల పొడి. నెయ్యి పేరుకుని ఉండాలి. డిసెంబరులో అది ఎలాగూ పూసకట్టే ఉంటుంది, తొందరపడి కరిగించకండి. కరిగిన నెయ్యి పోస్తే ట్రేలో బిస్కెట్లన్నీ పరుచుకుపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి. పేరిన నెయ్యిలో పంచదార పొడి వేసి చేత్తో గిలక్కొట్టండి. మొదట పసుపుపచ్చగా ఉన్నది ఐదారు నిమిషాలకి తెల్లబడి, వెన్నలా తేలికవుతుంది. అక్కడ ఆపి మైదా, శనగపిండి, బేకింగ్ పౌడరు, ఉప్పు జల్లించి పోసి, రవ్వ, యాలకుల పొడి వేసి వేళ్ళతో కలపండి. చపాతీ పిండిలా పిసికితే బిస్కెట్ గట్టిపడిపోతుంది. ముద్ద కడితే చాలు. పావుగంట మూత పెట్టి ఉంచండి.

తర్వాత ఉసిరికాయంత ఉండలు చేసి, అరచేతిలో కొంచెం నొక్కి, పైన ఒక జీడిపప్పు బద్ద అద్దండి. మోరి జీడిపప్పు మీ పక్కనే కదా, గుండు పప్పు అక్కర్లేదు, చవకలో వచ్చే బద్ద చాలు. అంచులు పగిలితే కంగారు పడకండి, పగలడమే దాని అందం. ఉండ 20 గ్రాములు తూగితే వాయికి ఇరవై ఏడో ఎనిమిదో వస్తాయి. మూడు వాయిలు చేస్తే ఎనభై పైచిలుకు. పదహారు మందికి నాలుగేసి చొప్పున అరవై నాలుగు పోను మిగిలినవి విరిగినవాటికి, మాడినవాటికి, ఇంట్లోవాళ్ళకి. మా ఊళ్ళో రేట్లకి సరుకులు, డబ్బాలు కలిపి చూసుకుంటే మీ ఐదు వందల్లోనే ఇమిడిపోయింది. అందులో సగం పైన నేతికే.

ఓవెన్ 170 డిగ్రీల మీద పది నిమిషాలు ముందే వేడెక్కనిచ్చి ట్రే పెట్టండి. పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. చిన్న ఓవెన్లలో పై రాడ్డు మరీ దగ్గరగా ఉంటుంది, ట్రే కింది అరలో పెడితే పై భాగం మాడదు. ట్రేకి పన్నెండు పడతాయనుకుంటే ఏడు ట్రేలు, రెండు గంటల పైమాటే, కాబట్టి ఆఫీసు నుంచి వచ్చాక మొదలెట్టకండి. కింద అంచు లేత గోధుమ రంగు తిరిగి పైన ఇంకా తెల్లగానే ఉన్నప్పుడు తీసేయాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. ముట్టుకుంటే మెత్తగా ఉంటుంది, ఉడకలేదేమోనని మళ్ళీ లోపల పెడతారు, అంతే, రాయి. అది వేడి మీద మెత్తగానే ఉంటుంది. పది నిమిషాలు ట్రేలోనే కదపకుండా వదిలేస్తే గట్టిపడుతుంది. వేడిగా ఉండగా ఎత్తితే చేతిలోనే పొడి.

ఓవెన్‌లో కాల్చడం మన వంట కాదని ఒకావిడ నాతో వాదించింది ఒకసారి. మరి దిబ్బరొట్టె ఏమిటి? మందపాటి మూకుట్లో మినప్పిండి పోసి, కింద నిప్పులు, మూత మీద నిప్పులు వేసి కాల్చేవాళ్ళు. కింద రాడ్డు, పైన రాడ్డు అన్నమాట. దాన్ని ఆఫీసులో పంచలేం లెండి, వేడి వేడిగా చెరుకు పానకంతో తింటేనే దాని పస.

ఇప్పుడు అసలు శత్రువు గురించి. మనది కాలవల దేశం, గాల్లోనే తడి. డిసెంబరు పొద్దున్న మంచు కురిసే వేళ డబ్బా మూత తీసి పెట్టారంటే బిస్కెట్లు మధ్యాహ్నానికి మెత్తబడతాయి. చల్లారకుండా డబ్బాలో పెట్టినా అంతే, లోపల ఆవిరి పట్టి చెమ్మ దిగుతుంది. మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు కాల్చి, పూర్తిగా చల్లారాక, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి. ఇచ్చే రోజుకి రెండు మూడు రోజుల ముందు చేస్తే చాలు. పొట్లాలు కట్టడం మాత్రం ముందు రాత్రి, అదీ తలుపులు వేసుకుని.

పొట్లానికి మెరుపు కాగితాలు, రిబ్బన్లు వద్దు, ఆ డబ్బులు నేతిలో పోయండి. స్వీటు షాపులకి సరఫరా చేసే అట్ట డబ్బాలు హోల్‌సేల్ కొట్లో చిన్న సైజువి దొరుకుతాయి. అడుగున బటర్ పేపర్ ముక్క, నాలుగు బిస్కెట్లు పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి కాకుండా. డబ్బాలన్నీ ఒక గట్టి అట్టపెట్టెలో పేర్చి, బస్సులో ఒళ్ళో పెట్టుకోండి. పై అరలో పెడితే ఆ రోడ్లకి మీ దగ్గర మిగిలేది సున్నిపిండి.

డబ్బా మీద ఒక చీటీ అంటించండి. మీ పేరు, హ్యాపీ క్రిస్మస్, దాని కింద "గుడ్డు లేదు. మైదా, శనగపిండి, రవ్వ, నెయ్యి, పంచదార, జీడిపప్పు, యాలకులు, బేకింగ్ పౌడరు, ఉప్పు" అని. జీడిపప్పు పడనివాళ్ళు, గోధుమ పడనివాళ్ళు ఉంటారు. మాలలో ఉన్నవాళ్ళు చాలామంది బయట వండింది ముట్టరు. ఈ చీటీ ఉంటే వాళ్ళెవరూ నలుగురిలో మిమ్మల్ని అడగక్కర్లేదు, మీరు చెప్పక్కర్లేదు. చీటీ మీద బైబిలు వాక్యం రాయాలని మీకు అనిపించొచ్చు. మీ పండగ, మీ ఇష్టం. నన్నడిగితే ఆఫీసు డబ్బా మీద వద్దంటాను. ప్రసాదం తీసుకోవాలా వద్దా అన్న తటపటాయింపు మీ చర్చిలో ఎవరికైనా ఉండే ఉంటుంది. అలాంటి తటపటాయింపు అటు వాళ్ళకి రానివ్వడం ఎందుకు? వట్టి బిస్కెట్లుగా వెళ్తే అందరి చేతికీ వెళ్తాయి.

షుగర్ ఉన్నవాళ్ళ కోసం బెల్లంతో విడిగా చేద్దామని మాత్రం అనుకోకండి. బెల్లం కూడా షుగరు పెంచేదే. వాళ్ళకీ అందరితోపాటు అదే డబ్బా, "పిల్లలకి ఇవ్వండి సార్" అంటే సరి.

ఇరవై నాలుగో తారీకు దాకా ఆగకండి. ఇరవై ఒకటో, ఇరవై రెండో చూసుకుని, సాయంత్రం టీ వచ్చే వేళకి ఒక్కొక్క బల్ల దగ్గరికి వెళ్ళి చేతికివ్వండి. ఆఫీసరుగారికి పెద్ద డబ్బా వద్దు. ఆయనకీ అవే నాలుగు. మీరు ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నారు, ఆయనకి ఒక్కటి ఎక్కువ వెళ్ళినా రెన్యువల్ కోసమే అంటారు. ఊడ్చే ఆవిడ పొద్దున్నే వెళ్ళిపోతుంది కాబట్టి ఆవిడ డబ్బా ముందే ఇచ్చేయండి, సాయంత్రం మిగిలిందేదో ఇచ్చినట్టు ఉండకూడదు. మాలలో ఉన్నవాళ్ళ డబ్బా బల్ల మీద పెట్టి, "ఇంటికి తీసుకెళ్ళండి స్వామీ" అని వచ్చేయండి.

ఎటకారం తప్పదు. మనవాళ్ళు ఎటకారం ఆడలేదంటే ఒంట్లో బాగోలేదని అర్థం. "ఏంటమ్మా, నాలుగేనా? లెక్కపెట్టి చేశావా?" అంటాడొకాయన. "ఆయ్, లెక్కపెట్టే చేశానండి. ఐదోది కావాలంటే పండక్కి మా ఇంటికి రావాలండి" అనండి. నవ్వేస్తారు. ఆ నవ్వుల్లో స్టీలు డబ్బాల మేడమ్ పేరు ఎవరైనా తెస్తే ఆవిడనే ముందు మెచ్చుకోండి. ఒకరిద్దరు డబ్బా తీసుకుని తెరవకుండా డ్రాయర్లో పెట్టేస్తారు. ఎందుకో అడగొద్దు, ఆ డ్రాయరు వైపు మళ్ళీ చూడొద్దు. మా అమ్మమ్మ పంచిన సారెలో ఎన్ని అరిసెలు గేదెల కుడితిలోకి వెళ్ళాయో ఎవరికి తెలుసు!

తిన్నవాళ్ళలో ఎవరో ఒకరు "మాకో కేజీ చేసిపెట్టు, డబ్బులిస్తాం" అంటారు. అప్పటికప్పుడు ఊ అనకండి. ఊరికే ఇస్తే ఎవరి అనుమతీ అక్కర్లేదు. అమ్మడం మొదలెడితే ఇంట్లో చేసినదైనా ఎఫ్ఎస్ఎస్ఏఐలో, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థలో, రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. పైగా పక్క సీటువాళ్ళకి కేజీ ఎంత చెప్తారు? నెయ్యి రేటు చెప్తే మొహం మాడుతుంది, చెప్పకపోతే మీ చెయ్యి కాలుతుంది. సంక్రాంతి వెళ్ళాక తీరిగ్గా ఆలోచించండి.

మీ ఓవెన్ తీరు నాకు తెలియదు కాబట్టి ఈ ఆదివారమే ఒక్క వాయి చేసి చూడండి. మొదటి ట్రే అడుగు మాడితే రెండో దానికి 160కి తగ్గించండి, మరీ తెల్లగా ఉంటే రెండు నిమిషాలు ఎక్కువ ఉంచండి. ఎన్ని నిమిషాలకి సరిగ్గా వచ్చాయో గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి. ఉండలు చేసేటప్పుడు మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకోండి. సున్నుండలు చుట్టిన చేతులు కదా, తూకం రాయి లేకుండానే అన్నీ ఒక్క సైజులో వస్తాయి.